‘లేటరల్’ అంటే ఎటు వైపు? ఎక్స్‌రే రిపోర్టు నుంచి బ్యాంకు ఫారం దాకా ఒకే మాట

ప్రపంచకప్ కోసం హైదరాబాద్ వచ్చిన పాకిస్థాన్ క్రికెట్ జట్టు 2023 అక్టోబరులో ఉప్పల్ స్టేడియంలో రెండు ప్రపంచకప్ మ్యాచ్‌లు ఆడింది. ఒకటి నెదర్లాండ్స్‌తో, రెండోది శ్రీలంకతో. రెండేళ్లు తిరక్కముందే, 2025 ఆగస్టులో, పాకిస్థాన్‌తో బైలేటరల్ క్రీడా పోటీలు ఉండవని కేంద్ర క్రీడా శాఖ ప్రకటించింది. ఆ మరుసటి నెలలోనే ఆసియా కప్‌లో భారత్, పాకిస్థాన్ మూడుసార్లు తలపడ్డాయి. ఆడబోమని చెప్పి ఆడటమేమిటని చాలామందికి అనుమానం వచ్చింది. జవాబంతా ‘బైలేటరల్’ అనే ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఆ మాట క్రికెట్ దగ్గర ఆగదు. మోకాళ్ల ఎక్స్‌రే రిపోర్టులో ‘బైలేటరల్’ ఉంటుంది. పాలిటెక్నిక్ పాసైన పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరేది ‘లేటరల్ ఎంట్రీ’. బ్యాంకు మేనేజరు అడిగేది ‘కొలేటరల్’. డ్రిప్పు పైపుల బిల్లులో ‘లేటరల్’ మీటర్ల లెక్కన ఉంటుంది. అన్నిటికీ మూలం ఒకటే, అన్నిటిలోనూ ఉన్నది ‘పక్క’ అనే భావమే. ఎవరి పక్క, ఎన్ని పక్కలు, ఎక్కడ నిలబడి లెక్కపెడుతున్నారు అన్నవి మాత్రం చోటును బట్టి మారిపోతాయి. జనం తడబడేది అక్కడే.

## పక్కటెముక, రెక్క, చెయ్యి

లాటిన్‌లో ‘లాటుస్’ అంటే ఒంటి పక్క భాగం, డొక్క. దాన్నుంచి పుట్టిన విశేషణం ‘లేటరల్’: పక్కకు సంబంధించినది, పక్క నుంచి వచ్చేది. ముందు ‘యూని’ చేరితే ఒక పక్క, ‘బై’ చేరితే రెండు, ‘ట్రై’ మూడు, ‘క్వాడ్రి’ నాలుగు, ‘మల్టీ’ అనేకం. ‘ఈక్వి’ చేరితే సమానమైన భుజాలు. ‘కొ’ చేరితే పక్కపక్కన ఉండేది. అక్షాంశాన్ని చెప్పే ‘ల్యాటిట్యూడ్’ మాత్రం ఈ ఇంటిది కాదు. వెడల్పు అనే అర్థమున్న మరో ‘లాటుస్’ దానికి తల్లి.

తెలుగులోనూ పక్కను చెప్పే మాటలన్నీ ఒంటి మీదివే. పార్శ్వానికి మూలం ‘పర్శు’, అంటే పక్కటెముక. పక్షం అంటే రెక్క. ఆ పక్షమే ప్రాకృతం మీదుగా అరిగి మన ‘పక్క’ అయింది. జ్యామితిలో త్రిభుజానికి ఉండేవి భుజాలు, సమబాహు త్రిభుజానికి ఉండేవి బాహువులు. హైదరాబాద్‌లో ఇంకొకటి తోడైంది: ‘బాజు’. పాతబస్తీ ఉర్దూలో ‘బాజూవాలా ఘర్’ అన్నా, తెలంగాణ తెలుగులో ‘బాజుకు జరుగు’ అన్నా అది పారసీ నుంచి వచ్చిన మాట, అక్కడ దాని అర్థం చెయ్యి. సంస్కృత ‘బాహు’, పారసీ ‘బాజూ’ తోబుట్టువులు. లెక్కల పుస్తకంలోని సమబాహు త్రిభుజమూ, ఇరుకు గల్లీలో ఆటోవాలా అరిచే ‘బాజు హటో’ కూడా ఒకే చేతిని చూపిస్తున్నాయన్నమాట.

ఇంగ్లీషులో ఒక్క మాట మోసే బరువును తెలుగు పంచి పెట్టింది. లెక్కలకు భుజం, రాజకీయాలకూ ఒప్పందాలకూ పక్షం, ఒంటికి పార్శ్వం, మిగతా ఊరంతటికీ పక్క. ఒకచోటి మాటను ఇంకోచోట పెడితే అర్థం బెసుకుతుంది. బైలేటరల్ న్యుమోనియాను ‘ద్వైపాక్షిక న్యుమోనియా’ అని రాస్తే ఊపిరితిత్తులు రెండూ చర్చలకు కూర్చున్నట్టు ఉంటుంది. ‘రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా’ అంటే సరిపోయేది.

## లెక్కపెట్టేది దేశాలను కాదు, పక్షాలను

మొదట చెప్పిన క్రికెట్ చిక్కు. రెండు బోర్డులు మాట్లాడుకుని, ఒకరి గడ్డ మీద ఒకరు ఆడేందుకు ఖాయం చేసుకున్న సిరీస్ బైలేటరల్. ఆతిథ్యం, తేదీలు, ప్రసార హక్కులు అన్నీ ఆ ఇద్దరి మధ్య వ్యవహారమే. భారత్, పాకిస్థాన్ మధ్య అలాంటి సిరీస్ చివరిసారి జరిగింది 2012–13లో. ప్రపంచకప్‌నో ఆసియా కప్‌నో నడిపేది వేరే సంస్థ. షెడ్యూలు దానిది, నిబంధనలు దానివి. ఆ మ్యాచ్ రోజు మైదానంలో రెండే జట్లు ఉన్నా పోటీ మల్టీలేటరల్. 2025 నాటి ప్రభుత్వ విధానం గీత గీసింది సరిగ్గా ఇక్కడే: మొదటిది వద్దు, రెండోది అభ్యంతరం లేదు. ఆ గీత సబబేనా అన్నది వేరే చర్చ. మల్టీలేటరల్ పోటీల నుంచి తప్పుకుంటే పాయింట్లు పోతాయని, ముందుముందు మన దేశంలో పెద్ద పోటీలు పెట్టాలన్నా ఇబ్బందేనని కొందరంటారు. మ్యాచ్ మ్యాచే, గొడుగు మారితే ఆట మారుతుందా అని మరికొందరు. మాట వరకు చూస్తే ప్రకటనలో వైరుధ్యం లేదు.

వాణిజ్య ఒప్పందాల్లోనూ ఇదే లెక్క. 2022 ఫిబ్రవరిలో భారత్, యూఏఈ సంతకం చేసుకున్నది బైలేటరల్, అందులో అనుమానం లేదు. 27 సభ్యదేశాలున్న ఐరోపా సమాఖ్యతో భారత్ జరిపిన వాణిజ్య చర్చలను కూడా బైలేటరల్ అనే అంటారు. 28 దేశాల ప్రయోజనాలు బల్ల మీద ఉన్నాయి కదా అంటే, వాణిజ్యంలో ఆ 27 దేశాల తరఫున మాట్లాడేది సమాఖ్య ఒక్కటే. కుర్చీలు ఎన్ని ఉన్నా బల్లకు పక్కలు రెండే. 166 సభ్యులున్న ప్రపంచ వాణిజ్య సంస్థలో అందరికీ వర్తించేది మల్టీలేటరల్. అదే సంస్థలో ఇష్టమున్నవాళ్లు మాత్రమే చేరే ఒప్పందాలు ప్లూరీలేటరల్. ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందం అలాంటిదే, భారత్ అందులో పరిశీలక హోదాలో ఉందే తప్ప సభ్యదేశం కాదు. తెలుగు పత్రికల్లో ఈ రెండింటికీ ‘బహుపాక్షిక’ అనే రాసేస్తుంటారు. అందుకే ‘బహుపాక్షిక ఒప్పందంలో భారత్ లేదు’ అన్న వార్త చదివితే ఏకంగా సంస్థ నుంచే బయటికొచ్చేసిందేమో అనిపిస్తుంది.

ఇంకో దగ్గరి చుట్టం ‘ట్రైపార్టైట్’. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో హోమ్ లోన్ తీసుకుంటే కొనేవారు, బిల్డరు, బ్యాంకు ముగ్గురూ సంతకం చేసే కాగితం అది. ‘పార్ట్’ అంటే భాగం, భాగస్తులు ముగ్గురు కాబట్టి ఆ పేరు. దేశాలు కూర్చుంటే ‘ట్రైలేటరల్’, కాగితం మీద సంతకందారులైతే ‘ట్రైపార్టైట్’. తెలుగులో రెండూ ‘త్రైపాక్షికం’గానే చెలామణి అవుతున్నాయి, దానివల్ల నష్టమూ ఏమీ లేదు.

## ‘ఏకపక్షం’ తిట్టు కాదు

ఇంగ్లీషులో ‘యూనిలేటరల్’ పొడిమాట: ఒక పక్షమే చేసింది, అంతే. తెలుగు ‘ఏకపక్షం’లో అన్యాయం చేశారన్న నిష్ఠూరం కూడా కలిసే ఉంటుంది. పక్షపాతం అనే మాట పక్కింట్లోనే ఉండటం వల్ల కావచ్చు. చట్టంలో మాత్రం యూనిలేటరల్ పనులు కొన్ని పూర్తిగా సక్రమం, కొన్ని అసలు చెల్లవు. ఆస్తి కాగితాల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

వీలునామా యూనిలేటరల్. రాసినవారు బతికున్నంతకాలం ఎవరినీ అడగకుండా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. రిజిస్టరు చేయించినా అంతే. సేల్ డీడ్ అలా కాదు. అమ్మినవారు, కొన్నవారు ఇద్దరి ఒప్పందం కాబట్టి అమ్మినవారు ఒక్కరే వెళ్లి రద్దు దస్తావేజు రిజిస్టరు చేయిస్తే చెల్లదు. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా చుట్టూ భూముల ధరలు పెరిగిన కొద్దీ అమ్మిన ప్లాటునే రద్దు చేసి ఇంకొకరికి అమ్మడం పెద్ద జాడ్యంగా ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో రిజిస్ట్రేషన్ నిబంధనల్లో 26వ రూలుకు చేర్చిన క్లాజు దీనికి అడ్డుకట్ట: రద్దు దస్తావేజు మీద మొదటి దస్తావేజులోని పక్షాలందరి సంతకాలూ ఉండాలి, లేదా కోర్టు ఉత్తర్వు ఉండాలి. ఇదే రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులో 2010లో సుప్రీంకోర్టు కూడా అమ్మినవారు ఒక్కరే చేసే రద్దు చెల్లదంది.

గిఫ్ట్ డీడ్ దగ్గర చాలామంది పొరబడతారు. ఇచ్చేది ఒక్కరే కదా, కోపం వస్తే వెనక్కి తీసుకోవచ్చనుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం పుచ్చుకునేవారు ఇచ్చినవారి జీవితకాలంలోనే అంగీకరించాలి. అంగీకారం పడ్డాక అది ఇద్దరి వ్యవహారం. దాత ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకోవచ్చని రాసుకుంటే ఆ మేరకు దానమే చెల్లదు. దీనికి పెద్ద మినహాయింపు 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్. కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇస్తే, పిల్లలు ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించవచ్చు. అక్కడ కూడా రద్దు చేసేది తల్లిదండ్రులు కాదు, ట్రిబ్యునల్.

నగరంలో ఎక్కువగా నడిచే ఇంకో కాగితం డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ. జీపీఏ అంటే మన తరఫున వ్యవహరించే అధికారాన్ని ఇంకొకరికి రాసిచ్చే కాగితం. మామూలు జీపీఏను ఇచ్చినవారు ఒంటరిగా రద్దు చేసుకోవచ్చు. బిల్డరుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఏర్పడిన జీపీఏ వేరు. కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఆ ప్రయోజనం దెబ్బతినేలా స్థలం యజమాని దాన్ని ఏకపక్షంగా రద్దు చేయలేరు. కాగితం పైన ఉన్న పేరు ఒకటే అయినా లోపల పక్షాలు ఎన్ని అన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

రాష్ట్రాల మధ్య కూడా ఇదే తగువు. కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 811 టీఎంసీలు. 2015లో కేంద్రం సమక్షంలో రెండు రాష్ట్రాలూ దాన్ని ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచుకోవడానికి ఒప్పుకున్నాయి. ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి ట్రిబ్యునల్ తేల్చేదాకా అదే కొనసాగాలని ఆంధ్రప్రదేశ్ వాదన. అది ఆ ఏటికి చేసుకున్న తాత్కాలిక ఏర్పాటే, ప్రతి ఏటా మళ్లీ ఇద్దరూ ఒప్పుకుంటేనే నిలుస్తుందని తెలంగాణ వాదన. ఒకరి అంగీకారం లేకుండా కొనసాగిస్తే అది ఇద్దరి ఒప్పందమా, ఏకపక్షమా అన్నదే గొడవ.

## రిపోర్టులో ‘బైలేటరల్’ జబ్బు పేరు కాదు

మోకాళ్ల నొప్పులతో వెళ్లిన పెద్దావిడ ఎక్స్‌రే రిపోర్టులో ‘బైలేటరల్ ఆస్టియో ఆర్థ్రైటిస్’ అని ఉంటే ఇంట్లో వాళ్లు ముందుగా ఆ పొడుగు మాటకే బెదురుతారు. అర్థం ‘రెండు మోకాళ్లలోనూ అరుగుదల’. అది తీవ్రతను చెప్పే మాట కాదు. తీవ్రత గ్రేడులో ఉంటుంది, అది 1 నుంచి 4 దాకా వేరే రాస్తారు. కుడి మోకాలు గ్రేడు 3, ఎడమది గ్రేడు 2 అయినా రిపోర్టు బైలేటరల్ అనే అంటుంది. రెండు వైపులా ఉంది అన్నంత మాత్రాన రెండు వైపులా సమానంగా ఉందని కాదు. చీటీ మీద ఇదే ‘బి/ఎల్’ అయి కూర్చుంటుంది.

తీవ్రత చెప్పకపోయినా, ఒక పక్కా రెండు పక్కలా అన్న సమాచారం డాక్టరుకు పెద్ద ఆధారం. కాలి వాపు చూడండి. ఒక్క పిక్కే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే ఆ కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఉందేమో, ఇన్ఫెక్షనేమో అని చూస్తారు. రెండు కాళ్లూ వాస్తే దృష్టి గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తంలో ప్రోటీన్ల మీదకు వెళ్తుంది. ఒంటి మొత్తానికి సంబంధించిన కారణం అయితేనే రెండు పక్కలా కనిపిస్తుందన్న లెక్క అది. కిడ్నీ వాపు, అంటే స్కాన్‌లో కనిపించే హైడ్రోనెఫ్రోసిస్, ఒక పక్కనే ఉంటే ఆ పక్క మూత్రనాళంలో రాయిలాంటి అడ్డు ఉండవచ్చు. రెండు పక్కలా ఉంటే అడ్డు ఇంకా కింద, మూత్రాశయం దగ్గర ఉందేమోనని చూస్తారు, పెద్ద వయసు మగవాళ్లలో ప్రోస్టేట్ సంగతి కూడా. ఒక పక్కదైతే రెండో కిడ్నీ పని చేస్తుంది కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ మామూలుగానే ఉండిపోవచ్చు. రక్తపరీక్ష బాగుంది కదా అని స్కాన్ రిపోర్టును పక్కన పడేయడం పొరపాటయ్యేది అందుకే.

తెలుగు వైద్యపదాల్లో పక్క ముందు నుంచీ ఉంది. పార్శ్వపు నొప్పి అంటే తలలో ఒక పక్క వచ్చేది. ‘మైగ్రేన్’ అన్న మాట కూడా గ్రీకులో ‘సగం పుర్రె’ నుంచే పుట్టింది. అయితే రెండు వైపులా వచ్చే మైగ్రేన్‌లూ ఉన్నాయి, పేరు చూసి కాదనుకోకూడదు. పక్షవాతం ఒంట్లో ఒక పక్షం పడిపోవడం. పక్షవాతం రోగి కేస్ షీట్లో కుటుంబాన్ని కంగారు పెట్టే మాట మరొకటి ఉంటుంది: ‘కాంట్రాలేటరల్’, ఎదుటి పక్క. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయిన మనిషి స్కాన్‌లో మెదడు ఎడమ పక్క దెబ్బతిందని ఉంటుంది. రిపోర్టు తారుమారైందని ల్యాబ్ మీదకు వెళ్లేవాళ్లు ఉన్నారు. మెదడు ఎడమ సగం ఒంటి కుడి పక్కను నడుపుతుంది, కాబట్టి ఆ రిపోర్టు సరైనదే. అదే ముఖ నరం దెబ్బతినే బెల్స్ పాల్సీలో ముఖం ఏ పక్క కదలకుండా పోతే దెబ్బతిన్న నరం అదే పక్కది, దానికి వాడే మాట ‘ఇప్సిలేటరల్’.

## ‘ఎల్’ అంటే లెఫ్ట్ కాదు

‘లేటరల్’ అనగానే ‘లెఫ్ట్’ గుర్తుకు రావడం సహజం. మోకాలి ఎంఆర్ఐలో ‘ఎల్‌సీఎల్’ చిరిగిందని ఉంటే ఎడమ మోకాలనుకుంటారు. అది లేటరల్ కొలేటరల్ లిగమెంట్, మోకాలికి బయటి పక్కన ఉండే కట్టు. కుడి కాలికీ ఉంటుంది, ఎడమ కాలికీ ఉంటుంది. శరీర నిర్మాణ శాస్త్రంలో మనిషి నిట్టనిలువుగా, అరచేతులు ముందుకు చూపిస్తూ నిలబడ్డట్టు ఊహించుకోవాలి. నడి గీతకు దగ్గరగా ఉన్నది మీడియల్, దూరంగా ఉన్నది లేటరల్. ఆ నిలుపులో బొటనవేలు లేటరల్, చిటికెనవేలు మీడియల్. అరచేతులు వెనక్కి తిప్పుకుని నిలబడే మన అలవాటుతో చూస్తే ఇది అడ్డదిడ్డంగా అనిపిస్తుంది. అందుకే నిలుపు ముందే ఖాయం చేశారు.

‘లేటరల్ వ్యూ’ మూడో అర్థం. అది ఏ పక్క అని కాదు, ఎటు నుంచి తీశారు అని. మోకాలికి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తే రెండోది లేటరల్ వ్యూ. ఏ కాలు అన్నది ఫిలిం మూలన ‘ఆర్’ లేదా ‘ఎల్’ గుర్తు చెబుతుంది. ఛాతీ ఎక్స్‌రేను రోగి మనకు ఎదురుగా నిలబడ్డట్టు చూస్తారు కాబట్టి ఆయన ఎడమ పక్క బొమ్మలో మన కుడి చేతి వైపు వస్తుంది. సీటీ, ఎంఆర్ఐ అడ్డకోతలను పడుకున్న మనిషి కాళ్ల వైపు నుంచి చూస్తారు, అక్కడా అదే ఎదురెదురు లెక్క. ఆపరేషన్లలో కుడి ఎడమలు తారుమారు కాకుండా కోసే చోటు మీద ముందే గుర్తు పెట్టడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టులో ఒక అంశం. రోగి మెలకువగా ఉండగానే ‘ఏ కాలు?’ అని పదిసార్లు అడిగితే అది డాక్టరు మరపు కాదు.

## పక్క తలుపు: లేటరల్ ఎంట్రీ

మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరతారు. మొదటి మెట్టు నుంచి కాకుండా వరండా పక్కనుంచి లోపలికి రావడం అన్నమాట. పరీక్ష 3 గంటలు, 200 మార్కులు. ఇంజినీరింగ్ డిప్లొమా వారికి గణితం 50, భౌతికం 25, రసాయనం 25, సొంత బ్రాంచి 100. జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో హాల్ టికెట్ నంబరు చూస్తేనే ఎవరు ఎటు నుంచి వచ్చారో తెలుస్తుంది: ఈఏపీసెట్ (పాత ఎంసెట్) దారిలో వచ్చినవారి నంబరులో ‘1ఎ’, లేటరల్ వారి నంబరులో ‘5ఎ’ ఉంటాయి. మొదటి రెండు అంకెలు చేరిన ఏడాది కాబట్టి ఒకే క్లాసులో 23తో మొదలయ్యేవారి పక్కన 24తో మొదలయ్యేవారు కూర్చుంటారు. చివరికి చేతికొచ్చే డిగ్రీలో తేడా లేదు. ఇబ్బంది మొదటి సెమిస్టరులోనే: మొదటి ఏడాది గణితం, ప్రోగ్రామింగ్ చదివారనుకుని పాఠం మొదలవుతుంది. వర్క్‌షాపులో, మెషీన్ మీద మాత్రం డిప్లొమా పిల్లలదే పైచేయి.

ఇదే మాట ఢిల్లీలో వేరే వేడి పుట్టించింది. 2024 ఆగస్టు 17న యూపీఎస్సీ 45 పోస్టులకు లేటరల్ ఎంట్రీ ప్రకటన ఇచ్చింది: సివిల్స్ రాసి కింది నుంచి ఎదిగిన అధికారులు కాకుండా బయటి నిపుణులను నేరుగా జాయింట్ సెక్రటరీ, డైరెక్టర్, డిప్యూటీ సెక్రటరీ స్థాయిలో తీసుకోవడానికి. మూడు రోజులకే, ఆగస్టు 20న, కేంద్రం దాన్ని వెనక్కి తీసుకోమంది. తగువు రిజర్వేషన్ మీద. ఒక్కో పోస్టునూ విడిగా చూస్తే, ఒకే పోస్టు ఉన్న కేడర్లో రిజర్వేషన్ వర్తించదని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. 45నీ ఒక గుంపుగా చూస్తే ఓబీసీలకు 27 శాతం లెక్కన 12, ఎస్సీలకు 15 శాతం లెక్కన 6, ఎస్టీలకు 7.5 శాతం లెక్కన 3, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం లెక్కన 4 పోస్టులు రావాలి. అవే 45 పోస్టులు, లెక్కించే పద్ధతి మారితే 25 రిజర్వు పోస్టులు సున్నా అవుతాయి. ప్రత్యేక పరిజ్ఞానం కావాలంటే ఇదే దారి అనేవారు రెండో పరిపాలనా సంస్కరణల సంఘం సిఫార్సును, 1971లో ఆర్థిక సలహాదారుగా ప్రభుత్వంలోకి వచ్చిన మన్మోహన్ సింగ్‌ను చూపిస్తారు. కాదనేవారు, పక్క తలుపు పెద్దదైతే ముందు తలుపు దగ్గర వరుసలో నిలబడ్డవారి సంగతేమిటంటారు.

## పొలంలో లేటరల్

డ్రిప్పులో మెయిన్ పైపు, దానికి సబ్ మెయిన్, సబ్ మెయిన్ నుంచి పక్కలకు చీలి మొక్కల వరసల వెంట పోయే సన్న నల్ల పైపులు లేటరల్స్. సాధారణంగా 16 మిల్లీమీటర్లవి. 60 మీటర్ల లేటరల్ మీద 60 సెంటీమీటర్లకొక డ్రిప్పర్ ఉంటే 100 డ్రిప్పర్లు. గంటకు 2 లీటర్లవి అయితే ఆ పైపుకు గంటకు 200 లీటర్లు కావాలి. వరసల మధ్య మీటరున్నర దూరంతో ఎకరాకు ఇలాంటివి 45 పడతాయి, గంటకు 9,000 లీటర్లు. బోరు అందులో సగమే పోస్తుంటే వాల్వులు పెట్టి అర ఎకరం చొప్పున తడపాలి. పైపు మిగిలిందని అదే లేటరల్‌ను రెండింతలు పొడిగిస్తే రాపిడితో పోయే ఒత్తిడి రెండింతలు కాదు, ఆరేడింతలు పెరుగుతుంది, ఎందుకంటే పొడవుతో పాటు డ్రిప్పర్లూ పెరిగి లోపల పారే నీరూ పెరుగుతుంది. మొదటి మొక్కకు బురద, చివరి మొక్కకు చెమ్మ కూడా అందకపోవడం అలా మొదలవుతుంది. మామూలు డ్రిప్పర్లలో ఒత్తిడి తేడా 20 శాతం దాటకపోతే నీటి తేడా సుమారు 10 శాతంలో ఉంటుంది, డిజైను చేసేవారు పట్టుకునే హద్దు అదే.

## బ్యాంకు అడిగే ‘కొలేటరల్’

అన్నిటికంటే ఎక్కువ డబ్బు చేతులు మారేది ఈ మాట మీద. వాడుక ఇంగ్లీషులో తాకట్టు పెట్టినది ఏదైనా కొలేటరల్. మన బ్యాంకు కాగితాల్లో అంత వదులుగా వాడరు. అప్పు డబ్బుతో కొన్న ఆస్తి ‘ప్రైమరీ సెక్యూరిటీ’. దానికి పక్కన, అదనంగా ఇచ్చేది ‘కొలేటరల్’. మాట పుట్టుకకు దగ్గరగా ఉన్నది ఈ రెండో అర్థమే.

బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపు 30 లక్షల సీఎన్‌సీ మెషీన్ కొంటుందనుకుందాం. 25 శాతం మార్జిన్, అంటే 7.5 లక్షలు సొంతం. మిగతా 22.5 లక్షలు బ్యాంకు ఇస్తుంది. మెషీన్ బ్యాంకుకు హైపోథికేట్ అవుతుంది, అంటే మెషీన్ వర్క్‌షాపులోనే ఉన్నా దాని మీద హక్కు బ్యాంకుది; అది ప్రైమరీ. నాచారంలో ఉన్న ఇంటి కాగితాలు కూడా అడిగితే అవి కొలేటరల్. ఇప్పుడు ‘కొలేటరల్ ఫ్రీ లోన్’ అన్న ప్రకటన చదవండి. ఇంటి కాగితాలు అక్కర్లేదు అని మాత్రమే దాని అర్థం. చిన్న పరిశ్రమల రుణాలకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ గొడుగు కిందికి వచ్చే మొత్తానికి ఇల్లు గానీ బయటివారి పూచీ గానీ అడగకూడదు. మెషీన్ మీద బ్యాంకు హక్కు, యజమాని సొంత పూచీ మాత్రం ఉంటాయి, హామీ ఫీజు కూడా. ఏ పూచీ లేకుండా డబ్బిస్తారనుకుని వెళ్లి, మెషీన్ మీద ఛార్జ్ చూసి మోసపోయామనుకునేవాళ్లు ఈ తేడా దగ్గరే జారిపడతారు. ఇదే లెక్కన హోమ్ లోన్‌లో కొన్న ఇల్లు ప్రైమరీ, కొలేటరల్ కాదు.

రకాన్ని బట్టి గీత మారుతుంది. వ్యవసాయ రుణాల్లో 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా కొలేటరల్ అడగకూడదు, అంతకుముందు 1.6 లక్షలు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం చదువు అప్పు 7.5 లక్షలు దాటితే ఆస్తి చూపించాలి. కొలేటరల్‌గా వ్యవసాయ భూమి ఇస్తే బ్యాంకులు అంత ఉత్సాహం చూపకపోవడానికి కారణముంది: కోర్టుకు వెళ్లకుండా స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు.

యాంజియోగ్రామ్ రిపోర్టులో ‘కొలేటరల్స్ ఉన్నాయి’ అని ఉంటే దానికి అప్పుతో సంబంధం లేదు. ప్రధాన నాళం పూడుకున్నప్పుడు పక్కనున్న సన్న నాళాలు వెడల్పై దారి ఇచ్చాయని అర్థం. పక్కగా నడిచే ఇంకో తరహా కొలేటరల్స్ వారసత్వ చట్టంలో ఉన్నారు. తాత, తండ్రి, కొడుకు ఒకే నిలువు గీత. అన్నదమ్ములు, బాబాయిలు, వారి పిల్లలు ఆ గీతకు పక్కన చీలిన కొమ్మలు. ఇంగ్లీషులో వారు కొలేటరల్స్, తెలుగులో దాయాదులు, తెలంగాణలో పాలోళ్లు. నాచారం ఇల్లు పంపకాలు కాని ఉమ్మడి ఆస్తి అయితే, బ్యాంకు ఆ ఇంటిని మొత్తంగా కొలేటరల్‌గా తీసుకోవాలంటే వాటా ఉన్న ఆ పాలోళ్ల సంతకాలు కూడా కావాల్సిందే.